ఒక తంబురా, రెండు డక్కీలు

కామారెడ్డి జిల్లాలో బాన్సువాడకు చేరువగా, నిజాంసాగరు నీటి అండన మహమ్మద్ నగర్ అను ఊరు ఉన్నది. పేరు ఉర్దూ రాజ్యపు గుర్తు, పంట వరి, ఊరివారి నోట ఆడునది తెలుగు. మంజీరపై నిజాంసాగరు కట్ట పూర్తియైన 1931 నుండి ఆ ప్రాంతపు పల్లెల బ్రతుకు కాలువల వెంట నడచినది. అంతకుముందును, ఆ తరువాతను మారని అలవాటొకటి మాత్రము ఉన్నది. పంట కళ్ళము దాటి ఇల్లు చేరిన పిమ్మట రాత్రివేళ కథ వినవలెను. శారదకాండ్రు శారద మీటుచు వచ్చెదరు. ఒగ్గువారు మల్లన్న కథ ఎత్తుకొందురు. చిందువారు రంగులు పూసికొని యక్షగానమాడుదురు. బోధను ప్రాంతపు చిందుల ఎల్లమ్మ పేరు తెలియని కళాభిమాని నేటికిని ఆ దిక్కున అరుదు.

ఈ కళారూపములలో శారద కథను చూచినవారికి, కోస్తా జిల్లాల జంగము కథను చూచినపుడు క్రొత్తదనిపించదు. నడుమ ఒకడు తీగ వాద్యము భుజాన వేసికొని కథ చెప్పును. ప్రక్కన వంతలు చర్మవాద్యము వాయించుచు తాళము తప్పకుండ తందాన పలుకుదురు. గోదావరికి ఈవల ఒక పేరు, కృష్ణకు ఆవల మరియొక పేరు. ఎముకల గూడు ఒక్కటే. ఇండ్ల ముంగిట బియ్యము కొరకు చెప్పుకొను ఈ కథ, పదివేల మంది కూర్చున్న మైదానములకెక్కి, ఒక తరము వారిని ఏడిపించి, లేపి నిలబెట్టిన చరిత్ర ఇరువదవ శతాబ్దిలో నడచినది. ఆ చరిత్రలో పెద్ద భాగము ఒక్క దళమునకు చెందినది. అది గుంటూరు జిల్లా పొన్నెకల్లు వాడైన షేక్ నాజర్ దళము.

బుర్రకథ అను పేరు ఎట్లు వచ్చినదన్న విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. తంబురా కింది భాగము సొరబుర్ర వలె ఉండుటచే వచ్చినదని కొందరందురు. వంతలు వాయించు వాద్యమునకే బుర్ర అని పేరని మరికొందరందురు. వినువారికి ఈ తగవుతో పనిలేదు. వారికి కనబడునది ముగ్గురు మనుష్యులు. నడుమ కథకుడు, తలపాగా, నిలువుటంగీ, కాలికి గజ్జెలు, భుజమున తంబురా, కుడిచేతి బొటనవ్రేలికి అందె. ఆ అందెను మరియొక వ్రేలి అందెతో తాకించి ఆయన తాళము వేసికొనును. ఒకప్రక్క వంత హాస్యము చెప్పును. రెండవప్రక్క వంత రాజకీయము చెప్పును. హాస్యపు వంత కథలో మునిగిన జనమును నవ్వించి పైకి తెచ్చును. రాజకీయపు వంత పలనాటి కథను పట్టుకొని నేటి ఊరి కరణము దగ్గరకు ఈడ్చుకొని వచ్చును. కథకుడు వీరిద్దరి నడుమ ముందుకు నడచుచు, వెనుకకు జరుగుచు, ఒక చరణము పాడి, ఒక మాట వచనమున చెప్పి, మరల పాటనందుకొనును.

రాజకీయపు వంత అనునది పాత జంగము కథలో ఇంత స్పష్టముగ లేదు. అది ప్రజానాట్యమండలి చేర్చిన బలము. ఒక విధముగ చూచిన ఆ వంత పాత్ర పత్రికా సంపాదకుని పాత్ర. కథ నడచుచుండగనే వ్యాఖ్యానము నడచును. చదువురాని లక్షలాది జనమునకు 1940 ప్రాంతమున అదియే సంపాదకీయము.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న పుట్టినారు. నిరుపేద దూదేకుల కుటుంబము. దూది ఏకుట వృత్తిగ గల ఈ వర్గము వారిని ఊళ్ళలో పింజారులని పిలిచెడివారు. ఆ పిలుపులో చులకన ఉండినది. ఇంట నమాజు, వీధిలో రామకథ, ఊరంతట తెలుగు పద్యము. ఈ మూడింటి నడుమ ఆ బాలుడు పెరిగినాడు. గొంతు బాగుండుటచే చిన్నతనముననే నాటకములలోకి దిగినాడు. తరువాత నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్యగారి వద్ద శాస్త్రీయ సంగీతము నేర్చినాడు. ఈ ఒక్క సంగతిని మరచినవారికి ఆయన బుర్రకథ అర్థము కాదు. పల్లెపాట అనిన పెద్దగొంతుతో అరచుట అని భ్రమపడి, ఆయన తరువాత తంబురా పట్టినవారు పలువురు గొంతులు చించుకొన్నారు. నాజర్ గొంతులో రాగము తెలిసి కదలెడిది. వీరము ఎంత ఎత్తున ఉండవలెనో, శోకము ఎక్కడ తగ్గి నిలువవలెనో గురువు వద్ద కూర్చుండి నేర్చిన విద్య అది. దానికి నాటకరంగపు అభినయము తోడైనది. జంగము కథలో లేని రెండు వస్తువులను ఆయన వెంట తెచ్చినారు. పల్లెకు పరాయివి కాకుండ వాటిని కలిపినారు.

దళము పుట్టుక రాజకీయ పక్షము ఇంట జరిగినది. దీనిని దాచవలసిన పనిలేదు. 1942 జూలైలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధము తొలగినది. 1943లో బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంస్థ ఏర్పడినది. ఆంధ్రదేశమున డాక్టరు గరికపాటి రాజారావు నాయకత్వమున ప్రజానాట్యమండలి నడుము కట్టినది. ఊరూర సభలు జరుగుచున్నవి, ఉపన్యాసములకు జనము రాకున్నారు, కథకు వచ్చుచున్నారు. అందుచే కథను పట్టుకొన్నారు. మొదట కాకుమాను సుబ్బారావు కథకుడుగ తంబురా ఎత్తినారు. నాజర్ ఆ దళమున వంతగ నిలిచి డక్కీ వాయించినారు. తరువాత ఆయనయే కథకుడైనారు. కర్నాటి లక్ష్మీనరసయ్య వంటి దిట్టలు ప్రక్కన నిలిచినారు.

వంతగ ఆరంభించుట నాజర్‌కు మేలు చేసినది. డక్కీ పట్టిన చేయికి కథ ఎక్కడ కుంటుచున్నదో ముందు తెలియును. జనము ముఖములు చూచుటకు వంతకు తీరిక ఉండును, కథకునకు ఉండదు. నడుమ నిలిచిన పిదప ఆయన ప్రక్కవారికి చోటిచ్చి కథ నడిపినారనియు, వంతలు ఆయన దళమున కేవలము తాళగాండ్రు కారనియు చూచినవారు చెప్పుకొన్నారు. అయినను లోకరీతి మారలేదు. కరపత్రములలోను, పత్రికలలోను కథకుని పేరే నిలిచినది. ముగ్గురు లేనిదే బుర్రకథ లేదు. పేరు మాత్రము ఒక్కరికే దక్కును. ఇది ఈ కళ వెంటనున్న పాత అన్యాయము.

ఆ దినములలో ఆయనకు పేరు తెచ్చిన కథలలో బెంగాలు కరువు ఒకటి. 1943లో బెంగాలు రాష్ట్రమున సుమారు ముప్పది లక్షల మంది ఆకలికిని, ఆకలి వెంట వచ్చిన రోగములకును బలియైనారు. పొలములు బొత్తిగ పండకపోవుటచే మాత్రమే వచ్చిన కరువు కాదది. బర్మా జపానువారి చేతికి చిక్కినది. అక్కడినుండి బియ్యము రాక నిలిచినది. యుద్ధపు ఖర్చుతో ధరలు పెరిగినవి. వ్యాపారులు ధాన్యము దాచినారు. శత్రువునకు చిక్కకూడదని ప్రభుత్వము తీరపు పడవలను లాగికొన్నది. కూలివానికి బియ్యము కంటియెదుట ఉండియు అందలేదు. ఇట్టి విషయమును కృష్ణా డెల్టాలో వరి పండించుకొను రైతునకు ఎట్లు చెప్పవలెను? లెక్కలు చెప్పిన వినడు. అక్కడనే బుర్రకథ పనికి వచ్చినది.

శోకఘట్టము వచ్చునప్పుడు డక్కీ నెమ్మదించును. తందాన కూడ గొంతు తగ్గించుకొనును. అంతవరకు గజ్జెలతో గంతులిడిన కథకుడు ఒకచోట నిలిచిపోవును. తల్లి, బిడ్డ, ఖాళీ కుండ; చెప్పవలసినది అంతియే. జనము కంటనీరు పెట్టుకొన్న క్షణముననే రాజకీయపు వంత లేచి, ఆ బియ్యము ఎవరి కొట్టులో ఉన్నదని అడుగును. కన్నీరు ఆరకముందే కోపము రావలెను. ఇదియే ఆ దళముల శిల్పరహస్యము. కథ ముగిసిన పిమ్మట కరువు నిధికి చందాలు ప్రోగుచేసెడివారు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. అది ఆనాడే పలువురి మనస్సున మెదలినది. పార్టీ ఆ సంవత్సరములలో యుద్ధమును ప్రజాయుద్ధమనుచు బలపరచినది. క్విట్ ఇండియా ఉద్యమములో జైలుకు వెళ్ళి వచ్చినవారు అదే వేదికపై నుండి వచ్చు కథను సందేహముతో చూచినారు. పార్టీ చెప్పించిన కథ కళ యెట్లగునని సాహిత్యపరులు కొందరు పెదవి విరచినారు. ఈ ఆక్షేపణలో పస లేదని త్రోసివేయరాదు. ఆనాటి దళములు చెప్పిన సామయిక కథలలో ఎక్కువ భాగము, సమయము దాటగనే మరుగున పడినవి. కాని నాజర్ పలనాటి యుద్ధము మరుగున పడలేదు. బొబ్బిలి యుద్ధము మరుగున పడలేదు. అల్లూరి సీతారామరాజు కథ మరుగున పడలేదు. ఎందుచేత?

పలనాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులముల వారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించినాడు. చాపకూడు అని దానిని చెప్పుకొందురు. ఊరి బావి వద్దకు రానీయని మనుష్యులు సభకు ఒక అంచున కూర్చుండి వినుచుండగా, పింజారి ఇంట పుట్టిన కథకుడు ఆ చాపకూటి సంగతి పాడినపుడు, దానికి వేరొక వ్యాఖ్య అక్కరలేదు. రాజకీయపు వంత నోరు మూసికొన్నను జనమునకు తెలియును. బొబ్బిలి కథ 1757 నాటిది. బుస్సీ ఫిరంగులకును తాండ్ర పాపారాయని కత్తికిని నడుమ జరిగినది. అల్లూరి 1924 మే 7న తుపాకికి బలియైనాడు. నాజర్ కథ చెప్పునాటికి ఆయనను కంటితో చూచినవారు మన్యమున బ్రదికియున్నారు. పాత వీరకథను క్రొత్త బాధ మీద నిలిపినప్పుడు దళము పార్టీకంటె పెద్దదైనది. పార్టీ పంపిన మాటలను మాత్రమే మోసినప్పుడు చిన్నదైనది. ఇంతకంటె సరళమైన సమాధానము ఈ తగవునకు దొరకదు.

ఆ కథలు వినుటకు స్త్రీలు వచ్చుట ఒక విశేషము. స్త్రీలే చెప్పుట మరింత విశేషము. మోటూరి ఉదయము, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని కలిసి మహిళా దళముగ తంబురా, డక్కీలు ఎత్తినారు. ఇంటి ఆడుబిడ్డ గజ్జె కట్టి వీధిలో నిలుచుట ఆనాటి కుటుంబములకు తలవంపు. రాళ్ళకును, ఎత్తిపొడుపులకును వెరవక ఊరూర కథ చెప్పిన ఆ ముగ్గురి సాహసము ముందు పురుషుల దళముల కీర్తి కొంత వెలవెలబోవును.

ఈ గొంతులు మంజీర ఒడ్డునకు సులభముగ చేరలేదు. నైజాము రాజ్యమున 1929 నుండి గస్తీ నిషాన్ తిర్పన్ అను ఫర్మానా అమలులో ఉండినది. అనుమతి లేనిదే సభ లేదు. 1937లో నిజామాబాదులో ఆంధ్రమహాసభ ఆరవ సమావేశము మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగినది. ఇట్టి సభలలో తెలుగు మాటకు చోటు దొరకుట కూడ గెలుపుగనే ఎంచవలసిన దినములవి. రైతుల పోరాటము ముదిరిన తరువాత సుద్దాల హనుమంతు, తిరునగరి రామాంజనేయులు మున్నగువారు బుర్రకథను, గొల్లసుద్దులను ఆయుధములుగ చేసికొన్నారు. అటు కోస్తాలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతు పోరాటమే వస్తువుగ 1947లో ‘మా భూమి’ నాటకము వ్రాసినారు. ఇందూరు కోటలోని జైలు గోడల నడుమ దాశరథి కవిత్వము చెప్పుచుండిన 1948 ప్రాంతముననే, మద్రాసు ప్రభుత్వము కోస్తాలో నాటకములపైనను, బుర్రకథలపైనను కట్టుబాట్లు విధించినది. ఒక తంబురాకు రెండు ప్రభుత్వములు జడిసినవి.

నిర్బంధముతో ప్రజానాట్యమండలి చెల్లాచెదరైనది. కళాకారులలో కొందరు జైలుకు, కొందరు అజ్ఞాతమునకు, మరికొందరు మద్రాసు చిత్రసీమకు చేరినారు. రాజారావు తానే నిర్మాతయై, దర్శకుడై 1953లో ‘పుట్టిల్లు’ తీసినారు. జమున తొలిసారి తెరపై కనబడినది ఆ చిత్రముననే. నాజర్ బుర్రకథ అందున్నది. చిత్రము డబ్బు తేలేదు. రాజారావుకు అప్పు మిగిల్చినది. మరుసటి సంవత్సరము వచ్చిన ‘అగ్గిరాముడు’లో నాజర్ చెప్పిన అల్లూరి కథ మాత్రము ఇంటింటి మాటయైనది. రామారావు, భానుమతి నటించిన ఆ చిత్రమును బుర్రకథ కొరకే మరల చూచినవారు కలరు. మహమ్మద్ నగర్ వంటి ఊళ్ళకు నాజర్‌ను మోసికొని వచ్చినది ఎడ్లబండి కాదు. ఊరూర తిరిగిన సినిమా పెట్టె. జనము ఎదుట మూడు గంటలు నడచు కథను సినిమా కొన్ని నిమిషములకు కుదించినది. కూర్చున్నవారి ముఖము చూచి కథను పొడిగించు స్వేచ్ఛ అక్కడ లేదు. లాభమెంతయో నష్టమంత.

సంగీత బృందముల చరిత్రలో ఇట్టి విచిత్రము తెలుగునాటికే చెందినది కాదు. అమెరికా రాజధాని వాషింగ్టనులో 1984లో ‘రైట్స్ ఆఫ్ స్ప్రింగ్’ అను రాక్ బృందము పుట్టినది. నలుగురు కుర్రవారు, గీ పిచ్చొట్టో వారి గాయకుడు. అప్పటి పంక్ పాటలో కోపము ఒక్కటే వినబడుచుండగా, వీరు లోపలి బాధను దాచక పాడినారు. 1985లో ఒక్క ఆల్బము వెలువరించినారు; 1986 ఆరంభమున విడిపోయినారు. చేసిన కచేరీలు వ్రేళ్ళపై లెక్కింపదగినంతే. అయినను ఆ దారిని పట్టి తరువాత వచ్చిన బృందములు ఎన్నియో. వారి పాటకు లోకము ‘ఎమో’ అని పేరు పెట్టినది. ఉద్వేగమను అర్థముగల ఆంగ్లపదమునకు అది కురచ రూపము. ఆ పేరు వారికి ఎన్నడును నచ్చలేదు. పాటలో ఉద్వేగము లేనిదెప్పుడని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. బాధను బహిరంగముగ పాడుట క్రొత్త కాదు. తెలుగునాట ముగ్గురు నిలిచి నాలుగు దశాబ్దుల ముందే ఆ పని చేసినారు. భేదము ఒకటున్నది. వాషింగ్టను గాయకుడు తన గుండెను విప్పినాడు. నాజర్ వినువాని గుండెను విప్పినారు. తన సొంత గోడు మాత్రము అరువదేండ్లు దాటువరకు దాచుకొన్నారు.

ఆ గోడునకు ముందు చెప్పవలసిన ఘట్టము మరియొకటి ఉన్నది. ప్రభుత్వములకు బుర్రకథ అవసరము కలిగినది. 1954లో కేంద్రప్రభుత్వము గీత నాటక విభాగము నెలకొల్పినది. పంచవర్ష ప్రణాళికలు, పొదుపు, కుటుంబ నియంత్రణము, క్రొత్త విత్తనములు, ఎరువులు; ఇవన్నియు తందానలోనికి వచ్చినవి. ఏ రాజకీయపు వంతను అధికారులు మునుపు అడ్డగించినారో, ఆ వంతయే అధికారుల కరపత్రము చదువజొచ్చినాడు. దళములకు బత్తెము దొరకినది. పలు కుటుంబములకు కూడు దొరకినది. దీనిని తప్పుపట్టుట కడుపు నిండినవారి మాటయగును. అయినను, ధాన్యము ఎవరి కొట్టులో ఉన్నదని అడిగిన వంతకును, ఇద్దరు పిల్లలు చాలునని చెప్పు వంతకును వాయిద్యము ఒక్కటే గాని గొంతు ఒక్కటి కాదు. జనమునకు ఆ భేదము తెలిసినది. కుర్చీలు నిండినవి, కన్నులు నిండలేదు.

నాజర్ మాత్రము కథ చెప్పుట మానలేదు. శిష్యులను తయారు చేసినారు. వారిలో పలువురు సొంత దళములు కట్టినారు. ప్రహ్లాదుని కథ చెప్పినారు, క్రీస్తు కథ చెప్పినారు. ఏ మతపు కథయైనను ఆ మతస్థుడు మెచ్చునట్లు చెప్పినారు. 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. కట్టుబాట్లు విధించిన రాజ్యము కిరీటము పెట్టుటకు సుమారు నలువది ఏండ్లు పట్టినది. బిరుదు వచ్చినను ఇంట పేదరికము పోలేదు. బుర్రకథకునకు జీతము లేదు, గొంతు ఉన్నంతకాలమే సంపాదన. గొంతుకు వయస్సు వచ్చును.

తన జీవితమును ఆయన అంగడాల వేంకటరమణమూర్తికి చెప్పి వ్రాయించినారు. ఆకలి, అవమానము, గురువు ఇల్లు, పార్టీ, వేదికలు అన్నియు ఆ పుస్తకమున ఉన్నవి. పద్మశ్రీ అని గాని, బుర్రకథ పితామహుడని గాని దానికి పేరు పెట్టుకొనవచ్చును. జనము ఆయనను అట్లు పిలుచుచునే యుండిరి. ఆయన ‘పింజారి’ అని పెట్టినారు. చిన్ననాడు వీధిలో ఏ మాటతో తనను తగ్గించినారో, ఆ మాటను అట్టమీదికి ఎక్కించినారు.

1997 ఫిబ్రవరి 22న నాజర్ కన్నుమూసినారు.

మంజీర పల్లెలలో శారదకాండ్ర కుటుంబములు నేడు మునుపటి వలె లేవు. బిడ్డలు పట్నము పనులకు పోవుచున్నారు. ఇంటి దూలమునకు వ్రేలాడు శారదకు తీగలు తుప్పు పట్టినవి. జాతర వచ్చినపుడు మాత్రము ఒక ముసలి కథకుడు దానిని దించి, దుమ్ము తుడిచి, చెవి మెలిత్రిప్పి శ్రుతి చూచుకొనును. ప్రక్కన నిలుచుటకు ఇద్దరు వంతలు దొరకిరా, లేదా అన్నది ఆయన మొదట అడుగు మాట.